రెండో కొడుకు బంగ్లా

గోదావరిఖనిల రాత్రిపూట షిఫ్టు దిగినోళ్లు ఆ అడ్డతొవ్వల ఒక్కలే పోకపోయేది. బొగ్గుబాయి గేటు నుంచి పనోళ్లుండే మెస్సుల దిక్కు వచ్చే తొవ్వ అది. రెండు దిక్కుల సర్కారుతుమ్మలు, మధ్యల ఒక పాత బంగ్లా. బంగ్లా మీది అర్రకు ఒకటే కిటికి. ఆ కిటికి తొవ్వనే చూస్తది. అండ్లకెళ్లి ఒక గొంతు అడుగుతదని పేరు —

"మీ అన్న బాగున్నడా?"

అంతే. రక్తం కక్కుడు లేదు, మీద పడుడు లేదు. మెల్లగ, మర్యాదగ, చుట్టపోడు అడిగినట్టు అడుగుతది. కాని ఒక్క తిరకాసుంది. ఇంటికి పెద్దకొడుకైనోణ్ని ఎన్నడు అడుగలే. నేను మా ఇంట్ల పెద్దోణ్ని. ఆరేండ్లు అదే తొవ్వల తిరిగిన, కావాల్నని దగ్గిన, ఒకనాడు కిటికి కిందనే నిలబడి బీడీ సుత కాల్చిన. ఊ అన్నది లేదు, ఆ అన్నది లేదు. మా తమ్ముణ్ని మాత్రం రెండుసార్లు అడిగింది. వాడు ఉరుక్కుంట ఇంటికొచ్చి, నిద్రపోతున్న నా ముక్కు కాడ వేలు పెట్టి చూసిండు, ఊపిరి ఆడుతుందా లేదా అని.

నేను చెప్పేది డెబ్బైల మొదట్ల జరిగింది. సగం ఆ బంగ్లా కావలి అస్గర్ భాయి నోట ఇన్న, సగం నాతోని బాయిల చేసిన మొగిలి నోట ఇన్న. నేను కలిపింది ఏమన్న ఉంటే ఉప్పు, కారమే.

ఆ బంగ్లాల ఒక తెల్ల ఇంజనీరు రెండేండ్లు ఉండి పోయిండు. మిషన్లు బిగించెటందుకు సముద్రాల అవతలికెళ్లి వచ్చిండు. అస్గర్ భాయి ఆయనకు వంట చేసేటోడు. సాబు పోయినంక అదే బంగ్లాకు కావలి ఉన్నడు. వెనుక రేకుల ఇంట్ల ఆయన, ఆయన భార్య నుస్రత్ బేగం. సాబు పోతూ పోతూ అన్ని కట్టుకపోయిండు గని ఒక్కటి విడిచిపెట్టిండు. మీది అర్రల గోడకు ఒక పటం. నిలువెత్తు పటం. పదిహేనేండ్ల పిలగాడు, తెల్లటి ముఖం, మెడ చుట్టు కుచ్చుల కాలరు, ఎర్ర మఖమల్ కోటు. ఆ కోటు చేతులు వేళ్ల దాక దిగి ఉంటయి. పిలగానిది కాదు ఆ కోటు. చూడంగనే తెలుస్తది.

"ఎవరిది భాయ్ ఆ కోటు?" అని మొగిలి అడిగిండట ఒకనాడు, పటం ముందట నిలబడి.

"వాళ్ల అన్నది," అన్నడు అస్గర్ భాయి. "కూసో. చాయ్ తాగుకుంట ఇను."

ఆ పటం వచ్చిన దేశం పేరు అస్గర్ భాయికి నోరు తిరుగలే, నాకు అసలే తిరుగదు. మూడు నాలుగు వందల ఏండ్ల కిందటి ముచ్చట. ఒక రాజుకు ఇద్దరు కొడుకులు. పెద్దోడు పుట్టిననాడు నూటొక్క ఫిరంగి పేల్చిండ్రు. చిన్నోడు పుట్టిననాడు పదో పన్నెండో పేల్చి, మందు తడిసిందని ఊకున్నరు. పెద్దోడు రాజైతడు. మరి చిన్నోడు? చిన్నోడు ఉండాలె. అంతే, ఉండాలె. పెద్దోనికి ఏమన్న అయితే అక్కెరకొస్తడని.

తొమ్మిదేండ్లకు వాణ్ని తీసుకపోయి పాదిరిల మఠంల వేసిండ్రు. ఎందుకంటే పాదిరి పెండ్లి చేసుకోడు, పెండ్లి లేకుంటే పిల్లలుండరు, పిల్లలు లేకుంటే గద్దెకు కొట్లాట లేదు. బాగనే కుదిరింది గద లెక్క. చిన్నోనికి పదిహేనేండ్లప్పుడు పెద్దోనికి అమ్మవారు పోసింది. రాత్రికి రాత్రే గుర్రపుబండిల చిన్నోణ్ని తెచ్చిండ్రు. పాదిరి బట్టలు ఇప్పిండ్రు, అన్న కోటు తొడిగిండ్రు, పెండ్లిపిల్లోళ్లకు పంపాలెనని పటం గీయించిండ్రు. గోడ మీద ఉన్నది అదే పటం. పన్నెండో దినం అన్నకు నయమైంది. కోటు ఇప్పుకొని మల్ల మఠానికి పంపిండ్రు.

ఇంకోసారి అన్న గుర్రం మీదికెళ్లి పడ్డడు. మల్ల తెచ్చిండ్రు, మల్ల పంపిండ్రు. మూడోసారి చిన్నోడు, "నేను పోను. నేను సుత రాజు కొడుకునే" అన్నడు.

గప్పటికి రాజైన అన్న, వాణ్ని ఒక బురుజుల పెట్టి తాళం వేసిండు. సంకెళ్లు గింకెళ్లు లేవు. వెండి పళ్లెంల బువ్వ, మెత్తటి పరుపు, ఒక కుక్కపిల్ల... అన్ని ఉన్నయి, తలుపు తప్ప. తొవ్వ మీదికి ఒక కిటికి. ఆ కిటికి కాడ నిలబడి పోయేటోళ్లను వచ్చేటోళ్లను ఒక్కటే అడిగేటోడు — మా అన్న బాగున్నడా? వాళ్లకు రాజు హుకుం ఉంది. ఎవ్వరడిగినా 'బాగున్నడు' అనే చెప్పాలె. పాలోడు అదే చెప్పిండు, బండ్లోడు అదే చెప్పిండు.

ఇరవై రెండేండ్లు అడిగిండు. పదకొండో ఏటనే అన్న సచ్చిపోయిండు, అన్న కొడుకు గద్దెనెక్కిండు. హుకుం తీసేసుడు ఎవ్వరికి యాదికి రాలే.

"ఆఖరికి ఎవ్వడో పొరుగు దేశపోడు, గాజులమ్మేటోడు, 'ఏ రాజు? గాయిన పోయి పదకొండేండ్లాయె గద' అన్నడు," అన్నడు అస్గర్ భాయి. "ఆ రాత్రే పానం ఇడిసిండు పాపం. సాబు నాకు చెప్పి కండ్లు తుడుసుకున్నడు. నాకు సుత రెండు రోజులు కూర రుచి కాలే."

మొగిలి చాయ్ సాసరు కింద పెట్టిండట. పటం కోటు చేతులనే చూసుకుంట కూసున్నడట.

ఎందుకు చూడడు? మొగిలి సుత రెండో కొడుకే. అంతకంటే ఎక్కువ ముచ్చటుంది.

మొగిలి అన్న పేరు రాజం. బాయిల నౌకరి దొరికింది రాజంకు. పేరు రాసుకున్నరు, గుర్తు రాసుకున్నరు — కుడి మోచేతి మీద 'రాజం' అని పచ్చబొట్టు. ఎనిమిది రోజులు దిగిండు. తొమ్మిదో రోజు బాయి మూతి కాడ కూలబడ్డడు. చీకట్ల ఊపిరాడుత లేదు, సంపినా దిగ అన్నడు. వచ్చిన నౌకరి పోతే ఇల్లు గడువది. తండ్రి పోశం అప్పటికే లేడు. తల్లి కనకవ్వ ఒక రాత్రి ఆలోచన చేసింది. తెల్లారి పచ్చబొట్లు పొడిచే ఆమెను పిలిపించి, మొగిలి కుడి మోచేతి మీద అన్న పేరు పొడిపించింది.

ఆనాటి సంది బాయిల మొగిలే రాజం. హాజరు పిలిస్తే 'రాజం' అంటే పలుకుడు. దవాఖాన చీటి మీద రాజం. కార్డుల భార్య పేరు ఐలవ్వ. ఆమె మొగిలికి వదినె. గిట్ల మారుపేరుతోని చేసేటోళ్లు ఆ దినాలల్ల ఇంకా కొందరుండేది, ఒకరి సంగతి ఒకరం ఎత్తకపోయేది. పక్కన పనిచేసేటోళ్లం మేము సుత 'రాజం' అనే పిలిచేది. అస్గర్ భాయి ఒక్కడే చాయ్ కాడ 'మొగిలి' అనేటోడు. ఆ పేరు ఇనేటందుకే వాడు అంత దూరం పోయేటోడేమో అని నాకు అనుమానం.

ఒప్పందం ఏందంటే, నాలుగేండ్లల్ల రాజం గుండె ధైర్యం తెచ్చుకొని తన నౌకరి తను చేసుకోవాలె. మొగిలి తన పేరు తను తీసుకొని బయటపడాలె. నాలుగు పోయి ఆరైనయి. ఈలోపల మందమర్రిల సారక్క అనే పిల్ల కుదిరింది. ఆ పిల్ల తండ్రి సదయ్య సుత బాయి మనిషే, లోకం తెలిసినోడు. ఒకటే మాటన్నడు.

"నా బిడ్డను మొగిలికిస్త. రాజంకియ్య. రాజంకు కాగితంల పెండ్లాముంది. దసరా దాక చూస్త బిడ్డ, తర్వాత నా తొవ్వ నాది."

ఉగాదికి మొగిలి ఊరికి పోయి అన్న కాళ్లు పట్టుకున్నడు. రాజం సుత మనసు గట్టి చేసుకున్నడు. "వానలు పడి నాట్లు అయినంక వస్త తమ్మీ. దసరాకు నీ పేరు నీకు," అన్నడు.

ఎండకాలంల ఊర్లకు అమ్మవారు వచ్చింది. కనకవ్వ జీతాలిచ్చిన ఆదివారం మెస్సు కాడికొచ్చి చెప్పింది — "ఊర్లకు రాకు బిడ్డ. నీకు అంటుకుంటే ఇల్లు మునుగుతది."

"అన్నెట్లున్నడవ్వా?"

"రెండు పొక్కులు పోసినయి. తగ్గినయి. బాగున్నడు."

మల్ల నెల వచ్చింది. "బాగున్నడు. నీరసముంది." ఇంకో నెల వచ్చింది. "బాగున్నడు. నాట్ల కాడున్నడు." ఊరికి వస్తనంటే, "ఇద్దరు ఒక్కకాడ కనవడితే ఎవడన్న కంపెనీకి చీటి రాస్తడు, దసరా దాక ఓపిక పట్టు" అన్నది. మొగిలి ఓపిక పట్టిండు. దసరాకు పది పదకొండు రోజులుంది.

గప్పుడు అస్గర్ భాయి, నుస్రత్ బేగం బెల్లంపల్లిల పెండ్లికి పోతూ తాళంచెవులు మొగిలికిచ్చిండ్రు.

"రెండు రాత్రులే. లోపలనే పండుకో. మీది అర్రకు పోకు."

"దెయ్యమా భాయ్?"

"దెయ్యం ఫికర్ లేదు. ఈ వానలకు మెట్లు పుచ్చినయి."

అది పెత్రమాసకు, పెద్దల అమాసకు, ముందటి రాత్రి. చంద్రుడు లేడు. షిఫ్టు దిగి మొగిలి బంగ్లాకు వచ్చేవరకు వాన దంచుతుంది. లోపలికి పోయి, గాలికి కొట్టుకోకుంట తలుపు బలంగ నూకిండు. తడిసి ఉబ్బిన తలుపు... చౌకట్ల బిగుసుకుంది. మల్ల తీయబోతే రాలే. గుంజిండు. తన్నిండు. రాలే. కింది కిటికీలకన్నిటికి ఇనుప చువ్వలు. కందిలి ముట్టిద్దామంటే అగ్గిపెట్టె తడిసి ముద్దయింది.

పోనీ, తెల్లారినంక చూద్దాం అనుకున్నడు. చీకటికి భయపడేటోడు కాదు. ఆరేండ్లు చీకట్లనే బతికిండు.

గొంగడి పరుచుకొని ఒరిగిండు. వాన కొంచెం తెరిపిచ్చింది. ఎక్కడో రేకు మీద చుక్క... చుక్క... చుక్క పడుతుంది.

"మీ అన్న బాగున్నడా?"

మీదికెళ్లి వచ్చింది మాట.

మెస్సోళ్లు ఎవరన్న పరాచికమాడుతున్నరనుకున్నడు. "బాగున్నడు పోరా," అన్నడు.

సప్పుడు లేదు. పండుకుందామని కండ్లు మూసిండు —

"ఎవరు చెప్పిండ్రు?"

ఈసారి గొంతు మెట్ల కాడుంది.

దెయ్యానికి మన మాట ఎట్లొచ్చిందని నన్ను అడుగకుండ్రి. బిహార్ నుంచి వచ్చిన కూలోనికి రెండేండ్లల్ల వచ్చింది, దానికి రాదా?

మొగిలి లేచి కూసున్నడు. జవాబు చెప్పిండు. అడిగినోడు ఎవరైనా గాని, అంత గోసగ అడుగుతుంటే చెప్పకుండ ఉండబుద్ధి కాలేదట.

"మా అవ్వ చెప్పింది."

"నాకు సుత చెప్పేటోళ్లు," అన్నది గొంతు. "పాలోళ్లు చెప్పేటోళ్లు... బండ్లోళ్లు చెప్పేటోళ్లు... నువ్వు కండ్లతోని చూసినవా?"

చూసిన అందామని నోరు తెరిచిండు.

ఉగాదికి చూసిండు. మల్ల చూడలే.

చీకట్ల కూసోని ఒక్కొక్కటి యాదికి తెచ్చుకున్నడు. అవ్వ 'బాగున్నడు' అన్నది గని అన్న ఏం తిన్నడో, ఎవరితోని లొల్లి పెట్టుకున్నడో ఒక్కనాడు చెప్పలే. అంతకుముందు అవే చెప్పేది, వద్దన్నా చెప్పేది. అన్న పంపిండని ప్రతి నెల పల్లికాయల మూట తెస్తనే ఉంది. కాని రాజం మూట కడితే ఎద్దును కట్టినట్టు కడుతడు, పండ్లతోని పీకితే గని ముడి రాదు. ఈ ఐదు నెలల సంది ముడులు... వేలు పెట్టంగనే ఊడుతున్నయి.

మొగిలి తలుపు మీద పడ్డడు. భుజం పెట్టి కొట్టిండు. కదలలే. చువ్వలు పట్టి గుంజిండు. కదలలే. బయటికి పోయే తొవ్వ ఒక్కటే మిగిలింది — మీది అర్ర కిటికి. దానికి చువ్వల్లేవు. గొంతు ఉన్నది సుత ఆ దిక్కే.

పుచ్చిన మెట్లు పట్టి పట్టి ఎక్కిండు. ఒకటి కాలు కింద విరిగింది. మీద అర్రల ఏమి కనవడత లేదు. గోడ తడుముకుంట పోతుంటే చేతికి మెత్తగ ఏదో తగిలింది. మఖమల్ బట్ట. పటంల రంగు పూసిన కోటు ఉంటది గని... బట్ట ఉండదు గద. చేతిని గుంజుకోలేదట. ఆ బట్టల ఒక చెయ్యి ఉంది, చల్లగ. అది మొగిలి మోచెయ్యి పట్టి, లాగలే, ఆపలే... కిటికి దిక్కు నడిపించింది.

సజ్జ మీద కాలు పెట్టి, బురదల దుంకి, వెనుకకు చూడకుండ ఉరికిండు.

ఊరు ఆరు మైళ్లు, చీకట్ల బురద తొవ్వ. పొద్దు బారెడెక్కేవరకు చేరిండు. వాడల నుంచి పోతే నలుగురు చూస్తరని, ఇంటి పక్క మక్కచేన్లకెళ్లి వచ్చిండు. చేను గట్టు కాడ ఆగి వాకిలి దిక్కు చూసిండు.

పెత్రమాస గద, ప్రతి ఇంట్ల సచ్చిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తరు. వాకిట్ల పీట మీద అయ్యగారు కూసున్నడు. ఆయన పొరుగూరాయన, ఈ ఏడే కొత్తగ ఈ ఊర్లు చూసుకుంటున్నడు. ముందట చాటల బియ్యం, పప్పు, గుమ్మడికాయ ముక్క. పక్కన కనకవ్వ. తలుపు కాడ ఐలవ్వ, చంకల చిన్నబిడ్డ.

మొగిలి వదినెను చూసిండు. చేతినిండ గాజులున్నయి. నుదుట రూపాయంత బొట్టుంది. మెట్టెలున్నయి.

ఊపిరి పీల్చుకున్నడు. అన్న ఉన్నడు. రాత్రంత ఉత్తగనే ఆగమైన అనుకొని, నవ్వుకుంట అడుగు ముందుకేసిండు.

"పోశం పేరు మీద అయింది," అన్నడు అయ్యగారు. "ఇంకెవరి పేరు?"

కనకవ్వ చాట దిక్కు చూసింది.

"మొగిలి," అన్నది.

"ఏమైతడు?"

"చిన్నకొడుకు. ఎండకాలంల అమ్మవారు పోసి పోయిండు."

మొగిలి వాకిట్లనే ఆగిపోయిండు.

అమ్మవారు పోసి పోయిన పీనుగు ముఖం ఎవ్వరు చూడరు. ఇంటోళ్లే గుడ్డల చుట్టి రాత్రికి రాత్రే మట్టి చేస్తరు. రాజం పోయిండు. కాని రాజం పోయిండని ఊరికి తెలిస్తే బాయిల రాజం ఎట్ల ఉంటడు? అందుకే కనకవ్వ, పోయింది బాయి నుంచి జరంతోని వచ్చిన చిన్నోడు అన్నది, పెద్దోడు తన నౌకరికి తనే బాయికి పోయిండు అన్నది. పట్వారి అట్లనే రాసుకున్నడు. ఊరు అట్లనే నమ్మింది. ఐలవ్వ గాజులు పగులగొట్టుకోలే, గట్టిగ ఏడువలే. ఐదు నెలల సంది, మొగడు పోయిన మనిషి, పొద్దుగాల లేచి బొట్టు పెట్టుకుంటుంది.

మొగిలిని ముందుగాల చూసింది ఐలవ్వనే. ఆమె చూపు పట్టి చంకల పిల్ల చూసింది. "చిన్నబా—" అని చిన్నాయనను పిలువబోయింది. ఐలవ్వ అరచెయ్యి పిల్ల నోటి మీద పడ్డది.

కనకవ్వ తిరిగింది. బురద బట్టలతోని వాకిట్ల నిలబడ్డ కొడుకును చూసింది.

"ఎవరమ్మా?" అన్నడు అయ్యగారు.

ఒక్కమాట... ఒక్కమాట అంటే అయిపోతుండె. నేనే మొగిలిని అంటే పేరు తనది. దసరాకు సదయ్య ముందట పోయి నిలబడొచ్చు. సారక్కకు తాళి కట్టొచ్చు. కాని తెల్లారితే బాయిల రాజం ఉండడు. వదినె చంకల పిల్లకు బువ్వ ఉండదు.

కనకవ్వ కొడుకు కండ్లల్లకు చూసుకుంటనే చెప్పింది.

"మా పెద్దోడు. రాజం. బాయిల చేస్తడు."

"మంచి యాళ్లకు వచ్చినవు నాయన. మగదిక్కు లేదనుకుంటున్న," అని అయ్యగారు జరిగి చోటిచ్చిండు. "తమ్మునికి నువ్వే నీళ్లు వదులాలె. రా, కూసో."

ఐలవ్వ చెంబుతోని నీళ్లు తెచ్చి కాళ్ల కాడ పెట్టింది. తల ఎత్తలే. మొగిలి చానసేపు ఆ నీళ్లనే చూసిండు. తర్వాత కాళ్లు కడుక్కున్నడు. వచ్చి పీట ముందట కూసున్నడు.

అయ్యగారు అరచేతిల నువ్వులు పోసి, మీదికెళ్లి నీళ్లు వంపుకుంట అడిగిండు.

"సచ్చిపోయినోని పేరు గట్టిగ చెప్పు, రాజం."

మొగిలి తన పేరే చెప్పిండు.